ఇండక్షన్ పదకొండో రోజు, మా ఆవిడ గోడ వైపు తిరిగి పడుకుంటోంది

గోడగడియారం | రాత్రి 1:50

అందరికీ నమస్కారం. ఇక్కడ పాత పోస్టులు చాలా చదివా, రాయడం మాత్రం ఇదే మొదలు. మా ఆవిడకి 41 ఏళ్ళు. చిగుళ్ళ నుంచి రక్తం వస్తోందని పంటి డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆయన చేతుల మీద కమిలిన మచ్చలు చూసి, పంటి సంగతి తర్వాత ముందు రక్తపరీక్ష చేయించుకు రండి అన్నాడు, పొద్దున రక్తం ఇస్తే సాయంత్రం ల్యాబ్ వాళ్ళే ఫోన్ చేశారు, మర్నాటికల్లా హాస్పిటల్లో పడ్డాం. ఏఎంఎల్ అన్నారు, వేగంగా ముదిరే ఒక రకం రక్త క్యాన్సర్. ఇండక్షన్ అని మొదటి విడత కీమో, సెవెన్ ప్లస్ త్రీ ఇచ్చారు, అంటే సైటరబిన్ ఏడు రోజులు, అందులో మొదటి మూడు రోజులు డానోరుబిసిన్ కూడా. మందులు అయిపోయాయి, ఇప్పుడు రక్తకణాల కౌంట్లు కింద పడి లేచేదాకా ఎదురుచూడటమే అంటున్నారు.

ఇవాళ తెల్లకణాలు 200. ప్లేట్‌లెట్స్ 9 వేలు ఉంటే ఒక బ్యాగ్ ఎక్కించారు. నేనో నోట్‌బుక్ పెట్టుకుని అన్నీ రాస్తున్నా, రోజూ సిస్టర్ రిపోర్ట్ తేగానే నేనే తీసుకుని బయటికెళ్ళి చదువుకుని, మంచి నంబర్ ఏదైనా ఉంటే అదొక్కటే తనకి చెప్తున్నా. భయపెట్టడం ఎందుకని. కానీ మూడు రోజుల నుంచి తను నాతో సరిగ్గా మాట్లాడట్లేదు, గోడ వైపు తిరిగి పడుకుంటోంది. ఏం కావాలంటే ఏం వద్దంటుంది. ఇరవై నిమిషాలకోసారి ఎలా ఉంది అని అడుగుతున్నా, ఇంకేం చేయాలో తెలియక. నేను చేస్తున్నది సరిగ్గానే ఉందా? ఇంటికెళ్ళేలోపు ఏం సిద్ధం చేసుకోవాలో కూడా చెప్పండి ఎవరైనా.

మూడోబెడ్ | రాత్రి 2:15

తమ్ముడూ, నేను ఆ మంచం మీద పడుకున్నదాన్ని. ఏఎంఎల్, ఇండక్షన్, తర్వాత దాత కణాలు ఎక్కించే ట్రాన్స్‌ప్లాంట్, ఇప్పటికి ఆరేళ్ళు. కాబట్టి కాస్త కటువుగా చెప్తా, ఏమీ అనుకోకు.

రిపోర్ట్ పట్టుకుని నువ్వు బయటికెళ్తావు చూడు, మళ్ళీ లోపలికొచ్చేటప్పుడు నీ మొహం ఎలా ఉంటుందో నీకు తెలీదు, ఆవిడకి తెలుసు. మా ఆయనా అంతే చేసేవాడు. గుమ్మం దగ్గర ఆగి మొహం సరిచేసుకుని నవ్వుతూ వచ్చేవాడు, ఆ నవ్వు చూస్తేనే నాకు కాళ్ళు చల్లబడేవి. నా ఒంట్లో ఎన్ని కణాలున్నాయో వార్డులో అందరికీ తెలుసు, నాకు తప్ప. కోపం రాదా?

నంబర్లు చెప్పెయ్. 200 అంటే ఇప్పుడు భయపడాల్సిన విషయం కాదు, ఆ మందు చేయాల్సిన పనే అది, చెడ్డవాటితో పాటు మంచివాటినీ ఊడ్చేస్తుంది, తర్వాత మారో, అంటే ఎముకల్లో రక్తం తయారయ్యే మూలుగ, మళ్ళీ మొలకెత్తాలి. అది ఆవిడకి తెలిస్తే 200 ని చూసి బెదిరిపోదు, రేపెంత అని లెక్క చూసుకుంటుంది. ఆ నోట్‌బుక్ ఆవిడ దిండు పక్కన పెట్టు.

ఇంకోటి, ఎలా ఉంది ఎలా ఉంది అని అడక్కు. దానికి జవాబు ఉండదు. కిటికీ వేయనా, కాళ్ళు పట్టనా, ఇలా అవును కాదు అని తల ఊపేసేవి అడుగు. లేకపోతే ఏమీ అడక్కుండా పక్కన కూర్చుని నీ పని నువ్వు చేసుకో. మనిషి ఉన్నాడని తెలిస్తే చాలు ఒక్కోసారి.

పాతకాపు | ఉదయం 6:05

బాబూ, మా ఆవిడది లింఫోమా, లింఫ్ గ్రంథుల క్యాన్సర్. ఆర్‌చాప్ అనే కీమో ఆరు సైకిళ్ళు, 21 రోజులకొకటి. రెండేళ్ళకి తిరగబెడితే తన కణాలే తీసి తిరిగి ఎక్కించే ఆటోలోగస్ చేయించాం. ఇంటి సంగతి అడిగావు కదా, నాకు తెలిసింది చెప్తా.

అన్నిటికన్నా ముందు జ్వరం. 100.4 అంటే మామూలుగా మనం పట్టించుకోం, మాత్ర వేసుకుని పడుకుంటాం, కానీ కౌంట్లు లేని మనిషికి అది ఎమర్జెన్సీ. పోరాడ్డానికి తెల్లకణాలే లేవు కాబట్టి చీము పట్టదు, వాపు రాదు, దగ్గు కూడా రాకపోవచ్చు, జ్వరం ఒక్కటే గుర్తు. పొద్దున చూద్దాం లే అనుకోకూడదు. డిజిటల్ థర్మామీటర్ రెండు కొనుక్కో, ఒకటి పాడైపోతుంది సరిగ్గా అర్ధరాత్రి, అనుభవంతో చెప్తున్నా. జ్వరం చూడకుండా పారాసిటమాల్ ఇవ్వకు, జ్వరాన్ని కప్పేస్తుంది. చలి వణుకు వస్తే జ్వరం లేకపోయినా ఫోన్ చెయ్. గుమ్మం దగ్గర ఒక బ్యాగ్ ఎప్పుడూ సర్ది ఉంచు, అందులో పాత రిపోర్టులు, మందుల చీటీ, చార్జర్, ఒక జత బట్టలు.

క్యాజువాలిటీకి వెళ్ళాక జ్వరం అండీ అని నెమ్మదిగా చెప్తే అక్కడ ఇంకో ఇరవైమందికీ జ్వరమే, లైన్లో కూర్చోబెడతారు. ఒకసారి మమ్మల్ని అలాగే గంటన్నర కూర్చోబెట్టారు, నేను మర్యాద కొద్దీ నోరు మూసుకుని కూర్చున్నా, ఇప్పటికీ నా మీద నాకే కోపం. "కీమో తీసుకుంటున్న మనిషి, కౌంట్లు లేవు, జ్వరం వచ్చింది" అని మొదటి మాటే అదనాలి, గట్టిగా అనాలి. మొదటి గంటలోపే యాంటీబయాటిక్ ఎక్కాలి.

సంజీవని77 | ఉదయం 9:30

ప్లేట్‌లెట్స్ కోసం ఇంత బాధపడక్కర్లేదు సార్, మా వాళ్ళు ఒక పసరు ఇస్తారు, మూడు రోజుల్లో లక్ష దాటుతుంది, ఇంగ్లిష్ మందులతో పాటే వాడొచ్చు, నంబర్ ఇది (నంబర్ తీసేశాం, ఇంకోసారి పెడితే అకౌంట్ ఆపేస్తాం. అడ్మిన్)

రాత్రిసిస్టర్ | ఉదయం 10:10

నేను హెమటాలజీ వార్డులో నర్సుని. పై మాట పట్టించుకోకండి. ఈవిడకి ప్లేట్‌లెట్స్ పడిపోయింది డెంగీతో కాదు, తయారుచేసే కార్ఖానాకే మందు కొట్టి మూశాం కాబట్టి. కార్ఖానా తెరుచుకుంటే అవే వస్తాయి, ఆలోపు ఏ పసరూ పెంచలేదు. పైగా మరిగించని ఆకుల రసంలో ఉండే ఫంగస్, బ్యాక్టీరియా ఇప్పుడు ఆవిడకి విషంతో సమానం, లివర్ మీద భారం అదనం. నా డ్యూటీలో ఇలాంటివి తాగి వచ్చినవాళ్ళని చూశాను, అంతకంటే చెప్పను.

గోడగడియారం గారూ, కొన్ని చిన్న విషయాలు. 10 వేల కంటే తగ్గితే ప్లేట్‌లెట్స్ ఎక్కించడం మామూలే, కంగారొద్దు. రక్తం నెలకి పైగా నిల్వ ఉంటుంది కానీ ప్లేట్‌లెట్స్ మామూలుగా అయిదు రోజులే, అందుకే దాతల్ని మళ్ళీ మళ్ళీ అడుగుతారు. స్నేహితులందరినీ ఒకే రోజు పిలవకండి, ఒక లిస్ట్ రాసుకుని రెండు రోజులకొకరు చొప్పున పిలవండి. ఆవిడ తోడబుట్టినవాళ్ళని మాత్రం దానం చేయనివ్వకండి, డాక్టర్ గారిని అడగకుండా. రేపు ట్రాన్స్‌ప్లాంట్ అవసరమైతే వాళ్ళే దాతలు కావచ్చు, వాళ్ళ రక్తం ముందే ఎక్కిస్తే ఆవిడ ఒళ్ళు వాళ్ళ కణాల మీద పగబట్టే అవకాశం ఉంది.

మెత్తని బ్రష్ వాడండి. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ జోలికి వెళ్ళొద్దు. మోషన్ రాకపోతే ఎనీమా ఇవ్వడం, అక్కడ థర్మామీటర్ పెట్టడం అసలు చేయకూడదు. కీమో ఎక్కిన తర్వాత 48 గంటలు ఆవిడ వాంతులు, యూరిన్ శుభ్రం చేసేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి, మందు వాటిలోంచే బయటికొస్తుంది. ముట్టుకోవడానికి, చెయ్యి పట్టుకోవడానికి గ్లవ్స్ అక్కర్లేదు! ఇది ఎందుకు చెప్తున్నానంటే గ్లవ్స్ వేసుకుని భార్య తల నిమిరిన ఆయన్ని చూశాను, ఆవిడ మొహం నాకు ఇంకా గుర్తుంది.

చినుకు | మధ్యాహ్నం 1:20

అన్నయ్యా, మా ఆయనది సీఎంఎల్, నెమ్మదిగా నడిచే రకం రక్త క్యాన్సర్, ఈ థ్రెడ్‌లో రాయడానికి కూడా మొహమాటంగా ఉంది, మాది మాత్రల క్యాన్సర్ కదా అంటారు అందరూ. నిజమే, ఇమాటినిబ్ మాత్ర 2001 లో వచ్చాక దీని కథే మారిపోయింది, అంతకుముందు ఇదే జబ్బు పూర్తిగా నయం కావాలంటే ట్రాన్స్‌ప్లాంట్ ఒక్కటే దారి అని మా డాక్టర్ గారు చెప్పారు. కానీ రోజూ ఒక మాత్ర అంటే రోజూ ఒకసారి గుర్తుచేయడం. మొగుడూ పెళ్ళాల మధ్య అదెంత పెద్ద గొడవో బయటివాళ్ళకి తెలీదు. మూడు నెలలకోసారి, జబ్బు ఎంత మిగిలిందో చెప్పే పీసీఆర్ రిపోర్ట్ వచ్చేదాకా ఇంట్లో ఎవరం గట్టిగా నవ్వం. పోయిన ఏడాది రిపోర్ట్‌లో నంబర్ పెరిగింది, డాక్టర్ గారు మందు మార్చాలేమో అంటున్నారు, అప్పుడు బయటపెట్టాడు, కాళ్ళు పట్టేస్తున్నాయని, కళ్ళ కింద ఉబ్బు వస్తోందని వారానికి రెండు మూడు రోజులు మానేస్తున్నాడట. నాతో చెప్తే అరుస్తానని చెప్పలేదంట. అరుస్తాను, నిజమే. అరవడం మానేశాక చెప్పడం మొదలుపెట్టాడు. మీ థ్రెడ్ పక్కదారి పట్టించానేమో, సారీ.

మూడోబెడ్ | మధ్యాహ్నం 2:00

పక్కదారి ఏం కాదు చినుకూ, ఇదీ అదే. ఆయన నీ దగ్గర దాచాడు, ఈ తమ్ముడు వాళ్ళావిడ దగ్గర దాస్తున్నాడు. ఇద్దరూ ప్రేమతోనే మరి.

గోడగడియారం | రాత్రి 11:40

చెప్పేశా. నోట్‌బుక్ ఇచ్చా. పది నిమిషాలు పేజీలు తిప్పి, నీ రాత ఇంత ఘోరంగా ఉంటే సిస్టర్లు ఎలా చదువుతున్నారు అంది. తర్వాత హిమోగ్లోబిన్‌కి వేరే గీత, ప్లేట్‌లెట్స్‌కి వేరే గీత గీసింది, తను స్కూల్లో లెక్కలు చెప్తుంది లెండి. ఏడిచింది కూడా, నేనూ ఏడ్చా. చనిపోతానా అని అడిగింది. మామూలుగా అయితే ఛ ఛ ఏం మాటలవి అనేవాణ్ణి, ఇవాళ నాకూ తెలీదు, నాకూ భయంగానే ఉంది, ఇరవై ఎనిమిదో రోజు మారో టెస్ట్ చూసి చెప్తామన్నారు అన్నా. సరే అంది. ఇటు తిరిగి పడుకుంది.

గోడగడియారం | తెల్లవారుజామున 4:20

పదమూడో రోజు. 2:40కి చలి అంది, చూస్తే 101.6. సిస్టర్‌ని పిలిచా, క్రిములున్నాయేమో చూసే కల్చర్‌కి రక్తం తీసి ముప్పావుగంటలో యాంటీబయాటిక్ పెట్టేశారు. ఇప్పుడు 102. బీపీ గంటగంటకీ చూస్తున్నారు. ఎవరైనా మెలకువగా ఉన్నారా

తోడులేని_పిట్ట | తెల్లవారుజామున 4:26

ఉన్నానండి. రాయండి.

గోడగడియారం | 4:31

ఏం రాయాలో తెలీట్లేదు. వణుకు తగ్గింది. నిద్రపోయినట్టుంది.

తోడులేని_పిట్ట | 4:40

ఊపిరి సమంగా ఉందా, పిలిస్తే పలుకుతోందా చూడండి, అది చాలు ఇప్పటికి, మిగతాది వాళ్ళు చూస్తారు. యాంటీబయాటిక్ పెట్టగానే జ్వరం దిగదు, రెండు మూడు రోజులు పట్టొచ్చు. మా ఆయనకి మొదటిసారి అయిదో రోజు దిగింది.

మాది ఏఎల్ఎల్, ఇంకో రకం రక్త క్యాన్సర్. రెండున్నరేళ్ళ ట్రీట్‌మెంట్, మెయింటెనెన్స్ అనే చివరి దశలో ఉండగా తిరగబెట్టింది, ఆయన ఇప్పుడు లేరు. మీ థ్రెడ్‌లో ఇది రాయకూడదనే అనుకున్నా కానీ ఈ టైంలో మెలకువగా ఉండేది నాలాంటివాళ్ళే. నా కథ మీ కథ కాదు, జబ్బు వేరు, మనిషి వేరు. జ్వరం రాత్రి ఎలా ఉంటుందో మాత్రం నాకు తెలుసు. మీరేమైనా తిన్నారా?

గోడగడియారం | 4:48

లేదు. గుర్తు లేదు.

తోడులేని_పిట్ట | 4:52

బ్యాగ్‌లో ఏదుంటే అది తినండి. ఉంటాను ఆరింటిదాకా.

పాతకాపు | ఉదయం 6:10

ఇప్పుడే లేచా, చదివా. అమ్మా పిట్టా, నీకు దండం.

గోడగడియారం | ఆరు రోజుల తర్వాత

జ్వరం నాలుగో రోజున దిగింది. కల్చర్‌లో ఏమీ పెరగలేదు, సగానికి పైగా కేసుల్లో ఏం దొరకదట. నోరంతా పుండ్లు, మాట్లాడలేకపోతోంది, నోట్‌బుక్‌లోనే రాసి చూపిస్తోంది. జుట్టు దిండు మీద గుప్పెళ్ళకొద్దీ వస్తుంటే నిన్న మొత్తం తీయించేసింది. బ్లేడ్ కాదు ట్రిమ్మరే, రాత్రిసిస్టర్ గారు తిట్టక ముందే చెప్తున్నా. నేనూ తీయించుకుంటా అంటే వద్దు, నువ్వు గుండుతో ఘోరంగా ఉంటావు, ఒకరి మొహం అయినా చూసేలా ఉండనీ అని రాసింది.

గోడగడియారం | ఇరవై తొమ్మిదో రోజు

రెమిషన్!! మారోలో బ్లాస్ట్‌లు, అంటే ఎదగని కణాలు, 5 శాతం లోపు, క్రిములతో పోరాడే తెల్లకణాలు న్యూట్రోఫిల్స్ 1400, ప్లేట్‌లెట్స్ లక్షా పదివేలు. రేపు డిశ్చార్జ్. ఫోన్లు ఆగట్లేదు, తగ్గిపోయిందటగా అని అందరూ. మరి డాక్టర్ గారేమో కన్సాలిడేషన్ అని ఇంకా కీమో ఉంది, ఎంఆర్‌డీ చూడాలి, జన్యు పరీక్షలో మధ్యరకం రిస్క్ వచ్చింది కాబట్టి ట్రాన్స్‌ప్లాంట్‌కి తోడబుట్టినవాళ్ళని టెస్ట్ చేద్దాం అన్నారు. తగ్గిపోతే ఇదంతా ఎందుకు అని మా అత్తగారు అడిగారు, నా దగ్గర జవాబు లేదు.

మూడోబెడ్ | అదే రోజు

చాలా సంతోషం తమ్ముడూ. అత్తగారికి ఇలా చెప్పు. పొలంలో కలుపు పీకేశాం, పైకి ఏమీ కనపడట్లేదు, కానీ వేళ్ళు మట్టిలో ఉంటాయి. మైక్రోస్కోప్‌కి కనపడనివి వెతికే టెస్టే ఎంఆర్‌డీ. ఇక్కడితో ఆపేస్తే దాదాపు ఖాయంగా తిరిగొస్తుంది, అందుకే కన్సాలిడేషన్.

అందులో ఎక్కువ డోస్ సైటరబిన్ ఇస్తారు. కళ్ళు మండకుండా స్టెరాయిడ్ చుక్కలు వేయాలి టైం ప్రకారం, రాత్రి కూడా, నిద్రపోతోంది పాపం అని మానేయకు. ఇంకో తమాషా ఉంది, ప్రతి డోస్‌కి ముందు సంతకం పెట్టమంటారు. కాగితాల కోసం కాదు, ఆ మందు కొందరికి చిన్నమెదడు మీద పనిచేస్తుంది, చేతిరాత వంకర పోతే మందు ఆపేస్తారు. నడక తూలినా, మాట ముద్దగా వచ్చినా అంతే, వెంటనే చెప్పాలి. నా సంతకాల కాగితం ఇప్పటికీ దాచుకున్నా.

దాతల సంగతి, ఒక్కో తోబుట్టువు పూర్తిగా మ్యాచ్ అయ్యే అవకాశం నాలుగింట ఒకటి. కాకపోయినా దారులున్నాయి, రిజిస్ట్రీల్లో వెతుకుతారు, ఈమధ్య సగం మ్యాచ్ అయినవాళ్ళతో కూడా చేస్తున్నారు, అంటే కన్నవాళ్ళు, పిల్లలు కూడా ఇవ్వొచ్చు. నాకు మా అన్నయ్య ఇచ్చాడు. నా బ్లడ్ గ్రూప్ ఓ పాజిటివ్ ఉండేది, ఇప్పుడు వాడిదే, ఏ పాజిటివ్.

గోడగడియారం | ఇంటికొచ్చి తొమ్మిదో రోజు

ఇవాళ పెద్ద గొడవైంది. హాస్పిటల్లో ఒక్కసారి కూడా గొడవ పడలేదు మేం, ఇంటికొచ్చాక రోజూ అదే. గంటకోసారి జ్వరం చూస్తున్నా, బట్టలు మడతపెడుతుంటే లాక్కున్నా, మెట్లెక్కుతుంటే వెనకే వెళ్తున్నా, ఫోన్‌లో స్నేహితురాలితో నవ్వుతుంటే అలిసిపోతావు ఇక చాలు అన్నా. అప్పుడు లేచింది. ఏమీ అనలేదు, నోట్‌బుక్ తెచ్చి నా ముందు పెట్టింది. తన కౌంట్ల పక్కన నాకు తెలియకుండా ఇంకో గడి గీసింది, దానికి నా పేరు పెట్టింది. నిద్ర: 3 గంటలు. భోజనం: నిలబడి, ఒకసారి. కసురుకోవడం: 4. బీపీ మాత్ర: లేదు, లేదు, లేదు, లేదు.

నిజంగా మాత్ర వేసుకోలేదు ఇన్నాళ్ళూ. ఆ డబ్బా ఎక్కడుందో కూడా వెతుక్కోవాల్సొచ్చింది.

పాతకాపు | ఉదయం 5:55

హహ, మీ ఆవిడ టీచరమ్మ అనిపించుకుంది. మా ఆవిడైతే థర్మామీటర్ దాచేసింది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, ఒంట్లో బాలేదనిపిస్తే నేనే అడుగుతా, నువ్వు మాత్రం ముట్టుకోకు అంది. మొదటి వారం నాకు చేతులు కట్టేసినట్టు ఉండేది. మనకి ఏదో ఒకటి చేస్తుంటే కానీ భయం అణగదు బాబూ, అది వాళ్ళ కోసం కాదు, మన కోసం.

ఏది నీ పని, ఏది ఆవిడ పని అని ఇద్దరూ కూర్చుని పంచుకోండి. మా ఇంట్లో మందుల డబ్బా తనది, అపాయింట్‌మెంట్లు నావి. చుట్టాల ఫోన్లు మా చెల్లెలికి అప్పజెప్పాం, వారానికోసారి ఆవిడే అందరికీ ఒక మెసేజ్ పెట్టేది, ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది. దూరంగా ఉంచాల్సింది జలుబు దగ్గు ఉన్నవాళ్ళని, మట్టిపనిని, ఎక్కడైనా గోడలు కొడుతుంటే ఆ దుమ్ముని. నవ్వుని కాదు కదా.

రాత్రిసిస్టర్ | ఉదయం 8:15

ఇంట్లో అందరూ ఫ్లూ టీకా వేయించుకోండి, ఆవిడకి ఎప్పుడు వేయాలో డాక్టర్ చెప్తారు. తిండి సంగతి చాలామంది అడుగుతారు, ప్రత్యేకమైన డైట్ ఏదీ ఇన్ఫెక్షన్లు తగ్గించినట్టు తేలలేదు, చేతులు కడుక్కోవడం, బాగా ఉడికించడం, అప్పుడే వండింది తినడం, అంతే. అలసట అనేది మీరనుకునే అలసట కాదు, నిద్రపోతే తీరేది కాదు. కానీ పూర్తిగా మంచానికి పరిమితమైతే ఇంకా పెరుగుతుంది, కౌంట్లు బాగుంటే రోజూ కాస్త నడవమనండి. మెట్లు ఎక్కనివ్వండి సార్.

పేరొద్దు_2 | రాత్రి 12:30

అడగడానికి సిగ్గుగా ఉంది, మా ఆయనకి లింఫోమా కీమో నడుస్తోంది, నాలుగు నెలలుగా మేం విడివిడిగా పడుకుంటున్నాం, ఆయన దగ్గరికి రాడు, నేను వెళ్తే పక్కకి జరుగుతాడు. డాక్టర్ని అడగలేను. ఇది తప్పా, ప్రమాదమా?

రాత్రిసిస్టర్ | ఉదయం 7:40

ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదమ్మా, అందరికీ ఉండే ప్రశ్నే, అడిగేవాళ్ళే తక్కువ. పక్కపక్కన పడుకోవచ్చు, కౌగిలించుకోవచ్చు, క్యాన్సర్ అంటుకోదు. శారీరకంగా కలవాలంటే కౌంట్లు, ప్లేట్‌లెట్స్ మరీ తక్కువ ఉన్న రోజుల్లో ఆగాలి, కీమో ఎక్కిన తర్వాత కొన్ని రోజులు కండోమ్ తప్పనిసరి, ట్రీట్‌మెంట్ నడుస్తున్నంత కాలం గర్భం రాకుండా చూసుకోవాలి. ఆయనకి కోరికే లేకపోవచ్చు, స్టెరాయిడ్లు, అలసట అలా చేస్తాయి. తనవల్ల మీకు ఏమైనా అవుతుందని భయపడుతున్నాడేమో కూడా. ఇది చదివి వినిపించండి ఆయనకి. ఇంకా కీమో మొదలుపెట్టనివాళ్ళు ఎవరైనా చదువుతుంటే, పిల్లలు కావాలనుకుంటే మొదలుపెట్టకముందే డాక్టర్‌ని అడగండి, మగవాళ్ళకి వీర్యం దాచిపెట్టడం ఒక్కరోజు పని, తర్వాత అడిగితే ఆలస్యం అవుతుంది.

పేరొద్దు_2 | రాత్రి 11:15

వినిపించాను. నీకు అంటుతుందేమో అనుకున్నా అన్నాడు. నాలుగు నెలలుగా మనసులో అనుకున్నది ఇదా. థాంక్స్ సిస్టర్.

గోడగడియారం | రెండో కన్సాలిడేషన్ తర్వాత

చాలా రోజులైంది ఇటొచ్చి. వాళ్ళ చెల్లెలు పూర్తి మ్యాచ్. వచ్చే వారం ట్రాన్స్‌ప్లాంట్‌కి అడ్మిషన్. తన సంతకాలు పన్నెండు అయ్యాయి నోట్‌బుక్‌లో, ఒక్కటీ వంకర పోలేదు, ఏడోదాని కింద మాత్రం నా సంతకం కూడా పెట్టించి నీదే వంకరగా ఉంది, నీకెవరైనా మందిస్తున్నారా అంది. డే జీరో, అదే కణాలు ఎక్కించే రోజు గురించి చెప్పండి ఎవరైనా, ఆపరేషన్ లాంటిదా?

మూడోబెడ్ | అదే రోజు

ఆపరేషన్ కాదు, చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. చిన్న రక్తం బ్యాగ్ లాంటిది తెచ్చి లైన్‌కి తగిలిస్తారు, గంటా గంటన్నర. మా ఆయన వీడియో తీద్దామని సిద్ధమై మధ్యలో నిద్రపోయాడు. అసలు కష్టం దానికి ముందు ఇచ్చే కీమో, దాని తర్వాత రెండు మూడు వారాలు. న్యూట్రోఫిల్స్ వరసగా మూడు రోజులు 500 దాటితే కణాలు నిలదొక్కుకున్నట్టు.

పాతకాపు | సాయంత్రం

మా ఆవిడవి ఫ్రీజ్ చేసిన తన కణాలే కాబట్టి ఎక్కిస్తుంటే గదంతా వెల్లుల్లి లాంటి వాసన, పాడవకుండా కలిపే మందు వాసనట అది. చెల్లెలి దగ్గర తీసిన తాజావైతే అది ఉండదులే. తర్వాత వంద రోజులు నువ్వు ఇరవైనాలుగ్గంటలూ దగ్గరుండాలి, ఉద్యోగంలో సెలవు సంగతి ఇప్పుడే చూసుకో, నీకు బదులు వారానికి ఒక రాత్రి ఉండే మనిషిని కూడా ఇప్పుడే అడిగిపెట్టుకో. పరవాలేదు నేను చూసుకుంటా అనకు. నేను అన్నాను, అరవయ్యో రోజున కళ్ళు తిరిగి పడిపోయా, ఆవిడ నాకు సేవ చేయాల్సొచ్చింది.

రాత్రిసిస్టర్ | రాత్రి

దాత కణాలు ఒంటి మీద తిరగబడకుండా టాక్రోలిమస్ గానీ సైక్లోస్పోరిన్ గానీ ఇస్తారు, రక్తంలో ఆ మందు ఎంతుందో చూసే రోజు పొద్దున మాత్ర వేయకుండా తీసుకురండి, వెంట తెచ్చుకుని రక్తం ఇచ్చాక వేసుకోవాలి. ఇంట్లో వేసేసి వస్తే ఆ టెస్ట్ దండగ. ఒంటి మీద దద్దుర్లు, ముఖ్యంగా అరచేతులు అరికాళ్ళలో, నీళ్ళ విరేచనాలు, కళ్ళు పచ్చబడటం, ఈ మూడింటిలో ఏది కనిపించినా ఫోన్ చేయాలి, చెల్లెలి కణాలు అక్క ఒంటిని పరాయిదనుకోవడం అది, జీవీహెచ్‌డీ అంటారు. చిన్నప్పటి టీకాలన్నీ కూడా మళ్ళీ వేయించుకోవాలి, ఆరు నెలల నుంచి ఏడాది మధ్యలో మొదలుపెడతారు, బతికున్న క్రిములతో చేసేవి మాత్రం కనీసం రెండేళ్ళ దాకా వద్దు.

గోడగడియారం | డే ప్లస్ 19

మూడో రోజు కూడా 500 దాటింది. 620. తనే రాసుకుంది నోట్‌బుక్‌లో, పక్కన వందకి ముప్పై అయిదు, పాస్ అని.

తోడులేని_పిట్ట | అదే రాత్రి

చదివానండి. ఇవాళ నేను కూడా తొందరగా పడుకుంటా.

గోడగడియారం | డే ప్లస్ 43, రాత్రి 9:10

సిస్టర్ గారూ ఉన్నారా, అరచేతులు ఎర్రగా అయ్యాయి, కొంచెం మంట అంటోంది. జ్వరం లేదు. మోషన్ మామూలే. పొద్దున వెళ్తే సరిపోతుందా?

రాత్రిసిస్టర్ | 9:14

నన్ను కాదు, ట్రాన్స్‌ప్లాంట్ వార్డు నంబర్‌కి ఫోన్ చేయండి, ఇప్పుడే.

గోడగడియారం | 9:22

చేశా. రమ్మన్నారు. బ్యాగ్ గుమ్మం దగ్గరే ఉంది. తను చెప్పులేసుకుంటూ నోట్‌బుక్ పెట్టావా అంటోంది. మా బావమరిది బండి తీస్తున్నాడు.

పాతకాపు | 9:40

జాగ్రత్త బాబూ. మేలుకునే ఉంటా.

గోడగడియారం | రాత్రి 1:35

చర్మం వరకే, మొదటి దశ అన్నారు. లివర్ టెస్ట్ బాగుంది. రాసుకోవడానికి స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ ఇచ్చి, ఎల్లుండి మళ్ళీ రమ్మని పంపించేశారు. ఇల్లు చేరాం. దారంతా ఆ ఆయింట్‌మెంట్ నా చేతికి రాయి అని వాదించింది, నీ చేతికి కాదు నీ చేతులకి అన్నాను, లెక్కల టీచర్‌కి తెలుగు నేర్పుతావా అంది. పడుకుంది. గడిలో నా బీపీ మాత్ర దగ్గర టిక్ పెట్టి నేనూ పడుకుంటున్నా.